జయరాములు దాచిన సింగిల్స్

నా పెండ్లాం చౌడేశ్వరి అరిస్తే నాకు భయం లేదప్పా. అరిచేటప్పుడు ఆమె యాడుండాదో తెలస్తాది, ఇంకో పక్కకు పోవచ్చు. మెల్లగా మాట్లాడితేనే భయం. తొంభై ఆరులో ఒక శుక్రవారం ఆమె మెల్లగా మాట్లాడింది.

మాది గుడియాత్తం. మగ్గం మీద లుంగీలు నేస్తాం. శనివారమైతే నేను లుంగీల మూట ఎత్తుకోని రైల్లో కాట్పాడికి, ఆడ్నుంచి బస్సులో వేలూరికి పోతా. ఆడ వరదప్ప అని ఒకాయన పాత రికార్డులు అమ్ముతాడు. ఊరంతా క్యాసెట్లకు మారిపోయి, ఇండ్లల్లో ఉండే రికార్డులన్నీ ఆయన నెత్తిన పోసిపోయిన కాలం అది.

వేలూరికి డాక్టరు పని నేర్చుకోను వచ్చిన అమెరికా ఆయన ఒకడు ఊరికి పోతా పోతా ఒక పెట్టె రికార్డులు ఇచ్చిపోయినాడంట. వరదప్ప అందులో ఒకటి తిప్పినాడు. నేను మూట దించకుండానే నిలబడిపోయినా. వెనకాల తాళం అచ్చం మగ్గం ఆడినట్టే ఉండాది. ముందర ఒకడు పాడేది లేదు, ఊపిరి తీసుకోకుండా ఎవర్నో తిడతానే ఉండాడు. ఒక్క మాట అర్థం కాలేదు. అయినా మా ఇంట్లో కూర్చున్నట్టే ఉండింది.

"ఇదేం పాట వరదప్పా?"

"హిప్ హాప్ అంటారు. ఇట్ల గడగడా చెప్పేదాన్ని రాప్ అంటారంట."

"సరైన పేరే పెట్టినారు. రాపాడేవాళ్లు మా ఇంట్లోనూ ఉండారు."

ఒక రికార్డుకు ఒక పాటే. దాన్ని సింగిల్ అంటారని ఆయనే చెప్పినాడు. పేరుమోసినవాళ్లవి రంగురంగుల అట్టల్లో వస్తాయి. ఊరూపేరూ లేనోళ్లు సొంతంగా అచ్చేసుకున్నవైతే నడిమధ్య సుమ్మా ఉత్త తెల్ల కాయితం, దాని మీద పెన్నుతో రాసిన పేరు, అంతే. అట్లాంటివి దొరికేది కష్టం. కష్టమని వింటే నా చెయ్యి ఊరుకోదు.

ఇంట్లో చెప్పేదానికి లేదు. అంతకు ముందు నేను పావురాలు పెంచినా. అవి పోయినాక ఊర్లో గడియారాలన్నీ తెచ్చి విప్పినా. తిరిగి బిగించేది రాలేదు. "ఇంకొక పిచ్చి గడప దాటి లోపలికొస్తే నువ్వు బయటికి" అని చౌడేశ్వరి అప్పుడే చెప్పేసింది.

రికార్డు సరిగ్గా మడిచిన లుంగీ అంత ఉంటాది. అమ్ముడుపోని లుంగీల మడతలో పెట్టి తెచ్చేది, అటక మీద పాత నూలు మూటల వెనక పెట్టెలో దాచేది. ఆమె కే.వి.కుప్పంలో అమ్మింటికి పోయినప్పుడు, పెండ్లిలో మామ ఇచ్చిన ప్లేయరు దుమ్ము దులిపి వినేది. రెండేండ్లకు నలభై ఒకటి అయినాయి.

ఆ శుక్రవారం అన్నానికి కూర్చుంటే పళ్లెం పక్కన ఒక తెల్ల కాయితం రికార్డు ఉండాది. మడతలోంచి తీసేది మరిచిపోయినా.

"ఇదేందయ్యా?" మెల్లగా అడిగింది.

"పెనం మీద మూత. వేలూరులో కొత్తగా వచ్చింది."

"నడిమధ్య చిల్లి ఎందుకు?"

"ఆవిరి పోవద్దా?"

"గీతలెందుకు?"

"చెయ్యి జారకుండా."

"సరి. మూత మీద పేరెందుకు రాసినారు?"

నేను రసం పొయ్యమని పళ్లెం ముందుకు జరిపినా.

"గాయత్రి టీచరు దగ్గర చదివించుకోని వచ్చినా. 'ప్రిన్సెస్' అని ఉండాదంట. అంటే యువరాణి. దాని కింద 'నా మొగోనికి' అని ఉండాదంట."

మాకు నూలు కండెలు చుట్టి ఇచ్చే ఆయమ్మ పేరు యువరాణి. పక్క వీధిలోనే ఉంటాది. ఆమె మొగుడు శక్తివేల్ మేస్త్రీ. ఇద్దరు మోసే బండ ఒక్కడే భుజాన వేసుకోని మెట్లెక్కేస్తాడు. వీధిలో అందరికీ ఆయన క్రేను శక్తివేల్.

"అది పాట పాడిన ఆయమ్మ పేరే, కింద ఉండేది పాట పేరు. ఇది రికార్డు. సింగిల్ అంటారు."

"డబుల్‌గా ఉండే మొగోనికి సింగిల్ ఎందుకు?" అని రసం పోసింది. "ఆదివారం మధ్యాన్నం శక్తివేల్ అన్నను, యువరాణిని భోజనానికి పిలిచినా. వాళ్ల ముందర చెప్దువు."

శనివారం వేలూరికి పోబుద్ధి కాలేదు, మగ్గంలో కూర్చుంటే పోగులన్నీ తెగినాయి. కిటికీ అవతల నీడ పడింది. శక్తివేల్. చేతిలో గడపార.

"జయరాములన్నా, రేపు నాతో ఏందో మాట్లాడాలంట గదా?"

"అవసరమేం లేదు నాయనా."

"లేదులే, వస్తా. తేల్చేసుకుందాం."

పొద్దున్నే రైలెక్కి లత్తేరిలో మా చిన్నమ్మ ఇంటికి పారిపోదామనుకున్నా. లేచి చూస్తే ఉండే చొక్కాలన్నీ చౌడేశ్వరి బకెట్లో నానబెట్టింది.

మధ్యాన్నం వాళ్లు వచ్చినారు. శక్తివేల్ నా ఎదురుగా కూర్చుని ఎముక కొరికితే టక్‌మని విరిగింది. నేను నా మెడ తడుముకున్నా.

"మా ఆయన మీకేందో చెప్పాలంట" అన్నది చౌడేశ్వరి.

ఇంక నావల్ల కాలేదు. ఎంగిలి చేత్తోనే నిచ్చెన ఎక్కి, పెట్టె దించి శక్తివేల్ ముందర పెట్టేసినా. "ఇవన్నీ పాటలే. నలభై ఒకటి. పేరు చూసి తప్పుగా అనుకోవద్దు" అని ఆ పట్టుబడిన తెల్ల కాయితం రికార్డు ప్లేయరులో వేసినా. ఒక ఆడగొంతు మొదలైంది. ఎవర్నో మొగోణ్ణి కడిగేస్తా ఉండాది.

శక్తివేల్ నమిలేది ఆపి విన్నాడు. పెండ్లాన్ని చూసినాడు.

"ఇది వినిపించను పిలిచినావా అన్నా? మా ఇంట్లో దినమూ ఉండేదే గదా. నేను మీ గోడ రిపేరు సంగతి అనుకున్నా."

"ఈ పాడే ఆయమ్మ నాకన్నా కొంచెం నిదానంలే" అని యువరాణి ఇంకో ముద్ద కలిపింది.

వాళ్లు పోయినాక చౌడేశ్వరి పెట్టె ముందర కూర్చుని ఒక్కొక్కటీ తీసి చూసింది.

"పాడినామె పేరని గాయత్రి టీచరు ఆపొద్దే చెప్పింది. ఒకటి చిక్కింది, మిగతావి యాడ పెట్టినావో చిక్కలేదు. మిగిలింది అటకే, నేను నిచ్చెనెక్కి నడుం విరగ్గొట్టుకోవాల్నా? నీ చేత్తోనే దింపిస్తే పోలా అనుకున్నా."

"నన్ను అడిగుంటే చెప్పేవాణ్ణి గదే."

"అడిగితే మూత అంటివి."

బయటికి పారేస్తాదనుకున్నా. పారెయ్యలేదు. పెట్టె తన బీరువాలో పెట్టి తాళమేసింది. అప్పట్నుంచి నేను మగ్గంలో కూర్చుంటేనే పాట. లేచినానంటే ప్లేయరు ముల్లు ఎత్తేస్తాది. నెలకు రెండు మూటలు ఎక్కువే నేస్తా ఉండా.

ఆ భోజనం అయిన మరుసటి శనివారం ఆమే నా ముందర బయలుదేరింది. ఆడవాళ్లు పాడినవి ఇంకా ఏమన్నా ఉండాయేమో తనే చూసుకోవాలంట. వరదప్ప ఆమెకు స్టూలు వేసి, టీ తెప్పించినాడు. నేను రెండేండ్లు తిరిగినా నాకు ఆ స్టూలు చూపించలేదు. నేను మూట పట్టుకోని మెట్టు మీద కూర్చున్నా.