దగ్గిన బడి

అంటురోగం పాకి, పిల్లలెవరూ బడికి రాకూడదని ఉత్తర్వు వచ్చిన కొన్నాళ్లకు నేతకాలనీ ప్రాథమిక పాఠశాల లేచి నిలబడి, గోడల మీది దుమ్ము దులుపుకొని, పిల్లల ఇళ్లకు తిరగడం మొదలుపెట్టింది.

ఇందులో నిబంధనలకు విరుద్ధమైనదేమీ లేదు. పిల్లలు బడికి వెళ్లకూడదని ఉత్తర్వులో ఉంది గానీ, బడి పిల్లల దగ్గరికి వెళ్లకూడదని ఎక్కడా లేదు. మండల కార్యాలయం ఈ సంగతి పరిశీలించి, మధ్యాహ్న భోజనం బియ్యాన్నీ గుడ్లనూ ఇంటింటికీ చేర్చే వాహనం కింద జమకట్టి బడికి పాసు మంజూరు చేసింది. రెండు గదులు, ఒక వరండా ఉన్న చిన్న బడి కాబట్టి సందుల్లో పట్టింది. కరెంటువాళ్లు వచ్చి తీగలు కాస్త పైకి లాగి కట్టారు. కూడలిలో పోలీసులు మూతికి గుడ్డ ఏదని ఆపితే, ప్రధానోపాధ్యాయుడు సుదర్శనం సార్ వాకిలికి అడ్డంగా నీలం టార్పాలిన్ పట్టా కట్టించాడు. ఆయన ముందు నడిచేవాడు, వెనక బడి నడిచేది. చూసినవాళ్లు తలుపులు వేసుకునేవాళ్లు. అది బడి అని కాదు, ఆ రోజుల్లో ఎవరొచ్చినా తలుపులు వేసుకోవడమే అలవాటు.

స్వరూప కూడా తలుపు వేసుకుంది. కానీ తలుపు సందులోంచి చూస్తూ నిలబడింది. ఆమె బీడీలు చుడుతుంది. భర్త రాజమల్లు సాంచెల మీద, అంటే మరమగ్గాల మీద, బట్ట నేస్తాడు. సాంచెలు ఆగిపోయి అతను ఇంట్లోనే ఉన్నాడు. కూతురు రవళి మూడో తరగతి. అడగకుండా ఇంటికొచ్చి, ఏదైనా ఇచ్చి, ఊరికే వెళ్లిపోయినవాళ్లను స్వరూప తన బతుకులో చూడలేదు. ఎన్నికలప్పుడు చీరలు తెచ్చినవాళ్లు దేవుడి పటం మీద చెయ్యి వేయించుకొని గానీ కదల్లేదు. ఈ బడి దేని మీద చెయ్యి వేయించుకుంటుందోనని ఆమె అనుమానం.

బడి వాళ్ల గుమ్మం ముందు కూర్చొని, వరండాను మెట్టుకు ఆనించింది. రవళి చెప్పులు విడిచి లోపలికి పరుగెత్తింది.

"ఈ బియ్యం ఎందుకిస్తున్నరు సార్?" అంది స్వరూప, సార్ మెట్టు మీద పెట్టిన సంచి ముట్టుకోకుండా.

"పిల్ల బియ్యమేనమ్మా. బడికొచ్చి తినేదే గద."

"పిల్ల బడికి రాలేదు గద."

"అందుకే బడి అచ్చింది" అన్నాడు సార్. తర్వాత ఉత్తర్వు ప్రకారం అడగవలసిన ప్రశ్న అడిగాడు. "ఇంట్ల ఎవరికన్న దగ్గు, జరం ఉన్నదా?"

"ఎవలకు లేదు."

సరిగ్గా అప్పుడే లోపలి గదిలో రాజమల్లు తువ్వాలు నోట్లో కుక్కుకొని దగ్గు ఆపుకున్నాడు. నూలు దుమ్ముకు అతనికి దగ్గు ఎప్పుడూ ఉండేదే. ఈసారి దానితో జ్వరం కూడా వచ్చింది. పక్క సందులో ఒక ఇంటికి అలాగే జ్వరం వస్తే మున్సిపాలిటీవాళ్లు వెదురుబొంగులు అడ్డం కట్టారు. వీధివాళ్లు ఆ ఇంటి నల్లా కూడా బంద్ పెట్టారు. ఆ ఇంటావిడ నీళ్లకోసం అరవడం స్వరూప మూడు రోజులు విన్నది. తర్వాత ఆ అరుపు కూడా వినబడలేదు. ఏమైందని ఎవరూ వెళ్లి చూడలేదు, స్వరూప కూడా వెళ్లలేదు.

సార్ నమ్మినట్టే తల ఊపాడు. కానీ బడి కిటికీ ఒకటి కిర్రుమని లోపలి గది వైపు తెరుచుకోవడం స్వరూప కళ్లబడింది. ఆమె వెళ్లి అడ్డంగా చీర ఆరేసింది.

ఆ తర్వాత వచ్చినప్పుడల్లా బడి మిగతా ఇళ్ల ముందుకంటే వాళ్ల ఇంటి ముందే కాస్త ఎక్కువసేపు కూర్చుంటున్నట్టు ఆమెకు తోచింది. ఎక్కాలు చెప్పేటప్పుడు ఒక్కోసారి మధ్యలో ఆగి, చెవి ఒగ్గి విన్నట్టు ఉండేది. 

"నువ్వేమన్న చెప్పినవానే?" అని రవళి జుట్టు పట్టుకుంది స్వరూప.

"నేను చెప్పలేదమ్మా. అదే ఇంటాంది" అంది పిల్ల ఏడుస్తూ.

ఒక మిట్టమధ్యాహ్నం రాజమల్లుకు ఊపిరాడలేదు. అంబులెన్సుకు ఫోన్ చేస్తే అన్ని బండ్లూ బయటికెళ్లాయని ఒక గొంతు మర్యాదగా చెప్పింది. వీధిలో పురుగు లేదు. ఏం చెయ్యాలో తోచక స్వరూప తలుపు తీసేసరికి ఎదురుగా బడి ఉంది. ఆ రోజు వాళ్ల వంతు కాదు. సార్ వెంట లేడు. బడి ఒక్కటే వచ్చి, వరండా ఎంత దించాలో అంత దించి, మూడో తరగతి తలుపు తెరిచి పెట్టింది.

అంత ప్రాణభయంలోనూ స్వరూప ఒక్క క్షణం ఆగింది. ఎవరు పంపారు దీన్ని? ఎక్కించుకొని ఎక్కడికి తీసుకుపోతుంది? అప్పటికే రవళి తండ్రి చెయ్యి పట్టుకొని ముందుకు లాగుతోంది. చేసేది లేక ఇద్దరూ కలిసి అతన్ని లోపలికి మోసి బల్లమీద పడుకోబెట్టారు. పిల్లను ఇంట్లో పెట్టి గొళ్లెం వేసి, స్వరూప బడి పక్కన నడిచింది. గాలి కోసం బడి కిటికీలన్నీ తెరిచింది. దవాఖాన పక్క పట్నంలో ఉంది. బడి అంత పెద్ద పెద్ద అంగలు వేయగా ఆమె ఎన్నడూ చూడలేదు.

కూడలిలో కానిస్టేబుల్ లాఠీ అడ్డం పెట్టాడు. "లోపలేమున్నయ్?"

"గుడ్లు సార్" అంది స్వరూప.

లోపల రాజమల్లు దగ్గాడు. ఒకసారి కాదు, తెరలు తెరలుగా.

కానిస్టేబుల్ రెండడుగులు వెనక్కి వేశాడు. గుడ్లు దగ్గవని అతనికి తెలుసు. "బడికి దగ్గొచ్చిందా? మరి గట్లనే తిప్పుతున్నరేంది ఊరంత? ముందు ఆ పట్టా సక్కగ కట్టు" అన్నాడు. ఆమె పట్టా బిగించి కట్టింది. అతను దారి ఇచ్చాడు. 

దవాఖానలో నర్సు రాజమల్లుకు ఆక్సిజన్ పెట్టించి, చిరునామా అడిగింది. వెదురుబొంగులు గుర్తొచ్చి స్వరూప గేటు వైపు తిరిగింది. నర్సు గేటు బయట రొప్పుతూ నిలబడిన బడిని చూసింది.

"దాంట్లనే ఉంటరా?"

"ఆ" అంది స్వరూప. "దాంట్లనే."

ఆ మర్నాడు దవాఖానలో రాసుకున్న చిరునామా ప్రకారం మున్సిపాలిటీవాళ్లు, కాలనీకి తిరిగొచ్చిన బడి చుట్టూ వెదురుబొంగులు కట్టి, బ్లీచింగ్ చల్లి, ఎర్ర కాగితం అతికించారు. కానిస్టేబుల్ చెప్పిన దగ్గు సంగతి అప్పటికే కాలనీ అంతా పాకింది. ఆరోగ్య సిబ్బంది వచ్చి కిటికీలోకి పుల్ల పెట్టి పరీక్ష చేశారు. రోగం లేదని తేలింది. అయితే పరీక్షలో తేలకపోయినా లోపల ఉండొచ్చని టీవీలో డాక్టరే చెప్పాడు కాబట్టి దాన్ని ఎవరూ నమ్మలేదు. బడి మాత్రం కిటికీలు మూసుకొని కూర్చుంది. అది తన మీద పడిన మాటను కాదనలేదు.

బియ్యం ఆగాయి, గుడ్లు ఆగాయి. పక్కింటి రజిత పిల్లలు గంజితో సరిపెట్టుకున్నారు. "పాడు బడి! ఏడ తిరిగి అంటించుకున్నదో! మా పిల్లల నోటికాడి ముద్ద పోయింది" అని రజిత గోడ అవతలి నుంచి తిట్టేది. స్వరూప బీడీలు చుడుతూ అవునవుననేది. మొగుడేడి కనబడడని రజిత అడిగితే, పండుకున్నడని చెప్పేది.

రాజమల్లు చిక్కిపోయి, తన కాళ్ల మీద తానే నడిచి దవాఖాన నుంచి ఇంటికొచ్చాడు. ఆ మర్నాడు సుదర్శనం సార్ వచ్చాడు. మెట్టు దగ్గరే నిలబడి మెల్లగా అన్నాడు.

"స్వరూపా, బడి దగ్గలేదని నాకెరుకే, నీకెరుకే. నువ్వొక్క మాట చెప్తే ఆ బొంగులు పీకేస్తరు. రేపటి సంది ఇంటింటికి గుడ్లు పోతయ్."

"నాకేం ఎరుక సార్? నేను ఇల్లు కదల్లే."

"నువ్వు చెప్పినవని ఎవలకు తెల్వనియ్య."

అంత బతిమాలుతున్నాడంటే ఇందులో ఏదో ఉందని ఆమెకు గట్టిగా అనిపించింది. ఇవాళ ఎవరికీ తెలియదంటారు, రేపు బొంగులు తమ గుమ్మానికి వస్తాయి. "నాకేం తెల్వదు సార్" అంది మళ్లీ.

సార్ లోపలి గది వైపు చూశాడు. "రాజమల్లు మంచిగున్నడా?"

"మంచిగున్నడు సార్."

"గంతే చాలు" అని వెళ్లిపోయాడు. లోపల రాజమల్లు గోడ వైపు తిరిగి పడుకున్నాడు. ఆ రోజు అన్నం ముట్టలేదు.

రోగం తగ్గుముఖం పట్టి, బడులు తెరవాలని ఉత్తర్వు వచ్చింది. బొంగులు తీశారు, సున్నం వేశారు. కానీ దగ్గిన బడిలోకి పిల్లలను పంపడానికి తల్లిదండ్రులు ఒప్పుకోలేదు. ఆ గోడల్లో ఇంకా ఏముందోనని వాళ్ల భయం. అప్పుడే కాలనీ మొగదలలో ఒక కాన్వెంటు వెలిసింది. అది రోగకాలంలో ఎవరి ఇంటికీ వెళ్లలేదు కాబట్టి శుభ్రంగా ఉన్నట్టు లెక్క.

రవళి తన బడికే పోతానని మొండికేసింది. స్వరూప ఆలోచించింది. అందరూ భయపడుతుంటే తామొక్కరే పంపితే, వీళ్లకెందుకు భయం లేదని వీధి అడుగుతుంది. ఎందుకు లేదో తవ్వితే ఎక్కడ తేలుతుందో ఆమెకు తెలుసు. అందుకని అందరికంటే ముందు కాన్వెంటులో పేరు రాయించింది. పిల్లలు లేనందున బడిని మరో ఊరి బడిలో కలిపేసినట్టు కార్యాలయం ప్రకటించింది. సార్‌ను బదిలీ చేశారు. బడిని ఏం చెయ్యాలో మాత్రం ఎవరూ రాయలేదు.

అందుకని అది రోజూ పొద్దున్నే వచ్చి స్వరూప ఇంటి ముందు నిలబడేది. రవళి అటు చూడకుండా బూట్లు తొడుక్కోవడం నేర్చుకుంది. ఒక సోమవారం కాన్వెంటు బస్సు సందు మలుపులో ఆగి హారన్ మోగించింది. బడి అడ్డంగా ఉంది.

"జర జరుగు" అంది స్వరూప.

బడి వరండాను దగ్గరికి ముడుచుకొని, మురికికాలువ అంచుదాకా ఒదిగి దారి ఇచ్చింది. బస్సు ముందుకొచ్చింది. స్వరూప పిల్లను రెక్క పట్టి ఎక్కించింది. డ్రైవర్ ఎవరో, ఏ ఊరివాడో, లోపల ఎవరెవరున్నారో ఆమె అడగలేదు. బస్సు తలుపు మూసుకుంది.