ఏరు దాటే టకటక అనుమతి

ఒక పెద్ద అడవి మధ్యలోంచి ఒక చిన్న ఏరు పారేది. ఎండాకాలంలో కుందేలు దాటినా బొడ్డు తడవదు. కానీ ఏటికి ఇవతల సింహరాజు రాజ్యం, అవతల పరాయి దేశం. అలాగని ఎవరు చెప్పారంటే సింహరాజే చెప్పాడు.

అవతలి జంతువులు పెళ్ళిళ్ళకనీ, ఉప్పునేల నాకడానికనీ, ఊరికే చూసి పోదామనీ ఇటు వస్తుండేవి. రేవులో బండ మీద తాబేలు పెద్దయ్య కూర్చునేవాడు. "ఎవరింటికి? ఎన్నాళ్ళు?" అని అడిగి, ఇంత తడి బురద తీసి వీపు మీద చరిచేవాడు. అదే వీసా. ఆ బురద ఎండి రాలేదాకా ఉండొచ్చు, రాలగానే వెళ్ళిపోవాలి. తాతల కాలం నుంచీ ఇదే పద్ధతి.

దీన్ని అడవిదున్న చెడగొట్టింది. మేనకోడలి పెళ్ళని మూడు రోజులకు వచ్చి, మూడేళ్ళయినా కదల్లేదు. దాని ఒళ్ళంతా ఎప్పుడూ బురదే. అందులో సర్కారు బురద ఏదో, సొంత బురద ఏదో తేల్చడం ఎవరివల్లా కాలేదు.

"ఇదండీ మన పరువు," అంది కార్యదర్శి నక్క, నిండు కొలువులో. "లోకం ఎక్కడికో పోతుంటే మనం ఇంకా బురద చరుస్తూ కూర్చున్నాం. ఇక టకటక అనుమతి పెడదాం ప్రభూ."

"అంటే ఏమిటది?" అన్నాడు సింహరాజు.

"వచ్చేవాళ్ళు బయల్దేరక ముందే అడగాలి. అవతలి ఎండుచెట్టు మీద ఒక వడ్రంగిపిట్ట ఉంటుంది. వాళ్ళ వివరాలు ముక్కుతో టకటక కొడుతుంది. ఇవతలి చెట్టు మీది పిట్ట విని నాకు చెబుతుంది. నేను పరిశీలిస్తాను. ఆఖరున తమరు కుడి పంజా ముద్ర వేస్తారు."

పంజా ముద్ర అనగానే సింహరాజు మీసం కదిలింది. మిగతాది ఆయన విన్నాడని నేననుకోను.

నిబంధనలన్నీ నక్కే రాసింది. ఇటు రావడం చుట్టపు చూపుకో, విహారానికో, పెళ్ళికో అయ్యుండాలి. వచ్చినవాళ్ళు ఏ పనీ చెయ్యకూడదు. తిరిగి వెళ్ళిపోతామని ముందే ఒప్పుకోవాలి. ఒకసారి కాదన్నాక మళ్ళీ పున్నమి దాకా అడక్కూడదు. మధ్యలో ఎక్కడో, ఒంటి మీద పాత బురద తడిగా ఉన్నవాళ్ళకు అది ఎండేదాకా రాకపోకలు చెల్లుతాయని కూడా ఇరికించింది. అది అవతల ఉన్న తన బావమరిది కోసం. చివర్లో ఒక మాట చప్పట్ల కోసం రాసింది: "ఈ నియమం సాక్షాత్తు రాజుగారికైనా వర్తిస్తుంది." చప్పట్లు నిజంగానే పడ్డాయి. సింహరాజు కళ్ళు తుడుచుకున్నాడు.

తర్వాత దరఖాస్తులు మొదలయ్యాయి. కుడి ముందరి కాలి ముద్ర జత చెయ్యలేదని పాముది నాలుగుసార్లు తిప్పి పంపారు. మొహంలో పళ్ళు కనిపించకూడదన్నారు కాబట్టి మొసలిది కొట్టేశారు. "నోరు మూసినా కనిపిస్తాయి మహాప్రభో!" అని అది మొత్తుకుంటే, నక్క జాలిపడి రేవులో కాపలా ఉద్యోగం ఇచ్చింది.

ఇంతలో రాణిగారికి నొప్పులు మొదలయ్యాయి. తొలికాన్పు. బిడ్డ అడ్డం తిరిగిందన్నారు.

మంత్రసాని అవతలి ఒడ్డున ఉండే ఎలుగుబంటి, బుచ్చెమ్మ. రెండు ఒడ్డుల్లోనూ సగం మంది ఆమె చేతుల మీదే పుట్టారు. సింహరాజు కూడా. "బుచ్చెమ్మ ఇంకా రాలేదేం?" అని రాణి ఒకటే మూలుగు.

నక్క గొంతు సవరించుకుంది. "ఆవిడ అడిగిందండీ. వచ్చే కారణం పురుడు పోయడం అని రాయించింది. పురుడు పోయడం పని. పని కుదరదు గనక కాదన్నాం. కింద తమరి పంజా ముద్ర ఉంది."

రాణి తల తిప్పి మొగుడి వైపు చూసింది. "నువ్వే కాదన్నావా?"

"చదవలేదే..."

"వెళ్ళి తీసుకురా! లేకపోతే నా కంటపడకు!"

సింహరాజు ఒక్క పరుగున ఏరు దాటేశాడు. మొసలి ఆపలేదు. వెళ్ళేవాళ్ళను ఆపమని దానికెవరూ చెప్పలేదు.

బుచ్చెమ్మ పుట్ట తవ్వుకుంటూ కనిపించింది. "అత్తా, తొందరగా రా! చుట్టపు చూపని రాయించి ఉంటే పోయేదిగా?"

"ఎందుకు రాయించాలిరా అబ్బాయ్? నిన్ను కాళ్ళు పట్టి బయటికి లాగినదాన్ని. చూడ్డానికొచ్చి లాగానా?" అంటూనే మట్టి దులుపుకుని లేచింది. తిట్టేవాళ్ళే ముందు బయల్దేరతారు.

ఇద్దరూ రేవుకొచ్చేసరికి మొసలి నోరు తెరిచి అడ్డంగా పడుకుని ఉంది. రాజ్యం వైపు బండ మీద తాబేలు పెద్దయ్య.

"అనుమతి ఉందా ప్రభూ?" అన్నాడు పెద్దయ్య.

"నేను రాజునయ్యా!"

"అదీ రాసుంది ప్రభూ. సాక్షాత్తు రాజుగారికైనా, అని."

సింహరాజు గర్జించాడు. పెద్దయ్య తల లోపలికి లాగేసుకున్నాడు. ఆఫీసు మూసినట్టే.

గత్యంతరం లేక రాజు ఎండుచెట్టు దగ్గరికి పరుగెత్తాడు. వడ్రంగిపిట్ట తల ఎత్తకుండానే అడిగింది. "ఎవరింటికి?"

"మా ఇంటికే!"

"తిరిగి ఎప్పుడు వెళ్తారు?"

"తిరిగి ఎక్కడికి వెళ్తాను? నేనుండేదే అక్కడ! ఛస్తే వెళ్ళను!"

పిట్ట టకటక కొట్టింది. ఇవతలి పిట్ట విని నక్కకు చెప్పింది. జవాబు వెంటనే వచ్చింది. తిరిగి వెళ్ళే ఉద్దేశం లేదని అభ్యర్థే ఒప్పుకున్నాడు కాబట్టి తిరస్కరించడమైనది. పున్నమి దాకా మళ్ళీ అడగరాదు. ఒకవేళ ఒప్పుకుందామన్నా ముద్ర వెయ్యాల్సిన కుడి పంజా ఇవతల లేదు.

రాజ్యం వైపు నుంచి రాణి కేక వినిపించింది. సింహరాజు మళ్ళీ రేవుకు పరుగెత్తి మొసలి నోటి ముందు ఆగిపోయాడు. ఆయనంటే నాకు ఎప్పుడూ పెద్ద గౌరవం లేదు గానీ, ఆ క్షణంలో మాత్రం గుండె తరుక్కుపోయింది.

డిప్పలోంచి పెద్దయ్య గొంతు నెమ్మదిగా వచ్చింది. "పాత బురద తడిగా ఉంటే చెల్లుతుంది ప్రభూ. ఎప్పుడు పూసిందో కనిపెట్టడం ఈ ముసలి కళ్ళ వల్ల కాదు."

ఆ మాట పూర్తికాకముందే బుచ్చెమ్మ ఒడ్డునున్న బురదగుంటలో దభీమని పడి రెండు పొర్లు పొర్లింది. లేచి, మొసలి ముక్కు మీంచే నడిచిపోయింది. సింహరాజు ఒక్కసారి తన జూలు వంక చూసుకున్నాడు. మళ్ళీ కేక వినిపించింది. ఆయన తలకిందులుగా గుంటలో దూకాడు.

పొద్దు వాలేలోపు కాన్పు అయింది. ఇద్దరు మగపిల్లలు, తల్లీ బిడ్డలు క్షేమం. "నేను పనేమీ చెయ్యలేదు, ఊరికే చూశాను," అని నక్కతో చెప్పి బుచ్చెమ్మ వెళ్ళిపోయింది.

మర్నాడు సింహరాజు బురద కడుక్కుని సింహాసనం ఎక్కుదామని బయల్దేరాడు. నక్క రెండు చేతులూ జోడించి అడ్డం నిలబడింది.

"ప్రభూ, తమరు వచ్చింది బురద మీద. కడిగేస్తే వెళ్ళిపోవాలి. ఉంచుకుంటే ఉండొచ్చు గానీ పని చెయ్యకూడదు. రాజ్యం చెయ్యడం పనే కదండీ? అందాకా నేను చూసుకుంటాను."

"ఈయన చేసేది పనా? మాకెవరూ చెప్పలేదే," అన్నాయి వెనక నుంచి కోతులు.

అప్పట్నుంచీ సింహరాజు మడుగులో అడవిదున్న పక్కన పడుకుంటున్నాడు. పిల్లలు ఆయన వీపెక్కి జారుతూ ఆడుకుంటారు. దున్నకు మూడేళ్ళ అనుభవం ఉంది కాబట్టి అప్పుడప్పుడు సలహా ఇస్తుంది.

"ఎండలో తిరగకు అన్నా. ఎండిందంటే మన పని అయిపోయినట్టే. అలా ఇంకొంచెం పొర్లు."

సింహరాజు పొర్లుతాడు.

నీతి: చట్టం ముందు అందరూ సమానమే, బురదలో దిగాక.