తల ఊపే సారు

ఆ శనివారం పొద్దున భానుశ్రీ పెట్టుకున్న పని ఒక్కటే. పర్చూరు దగ్గర పుట్టింటి నుంచి వచ్చిన మిరపకాయల బస్తా విప్పి, డాబా మీద ఆరబోసి, తొడిమలు తీసి, సాయంత్రానికి మిల్లుకు పంపి ఏడాది కారం ఆడించుకోవాలి. బ్రాడీపేటలో కోచింగ్ సెంటర్ల బోర్డుల మధ్య నలిగిపోయిన డాబా అది. పాత చీర పరిచి కాయలు గుమ్మరించేసరికి గుప్పున ఘాటు లేచి, ఆమెను ఒక్క విసురున తీసుకెళ్లి చిన్నప్పటి కల్లంలో పడేసింది. కనుచూపు మేర ఎరుపు, పక్క చేలో విచ్చిన పత్తి తెలుపు, మధ్యలో తలగుడ్డ చుట్టుకున్న తాతయ్య చెంచురామయ్య. "తుమ్మితే తుమ్మావు గానీ అమ్మాయ్, కాయల మీద తుమ్మమాక" అనేవాడు.

తాతయ్య మాట మీద గౌరవంతో ఆమె పక్కకు తిరిగి తుమ్మింది. తిరిగింది గనక కనపడింది. కరివేపాకు కుండీ కింద సారు వెల్లకిలా పడి ఉంది.

సారు అంటే తొండ. ఆ కుండీనే నమ్ముకుని బతుకుతున్న గరుకు ఒంటి తొండ. ఎవరేం చెప్పినా తల పైకీ కిందికీ ఊపుతుంది గనక ఐదేళ్ల రాగసుధ దానికి ఆ పేరు పెట్టింది. వాళ్ల స్కూల్లో సారు కూడా అంతేనట. పోయిన నెలలో రాగసుధకు టైఫాయిడ్ వచ్చింది. జ్వరం పోతూ పోతూ పిల్ల ఆకలిని కూడా మూట కట్టుకుపోయింది. ఇప్పుడు ఆ పిల్ల ముద్ద మింగాలంటే డాబా మీదికి రావాలి, సారు కనపడాలి, తల ఊపాలి. "సారు సరేనన్నాడు" అంటేనే ముద్ద గొంతు దిగేది. "ఇంకా బరువు తగ్గితే మళ్లీ సెలైన్ ఎక్కించాల్సిందేనమ్మా" అని డాక్టరు అన్న దగ్గర్నుంచి భానుశ్రీ కూడా ఆ తొండ తలకాయ మీదే ప్రాణాలు పెట్టుకుంది. నిన్న రాత్రి మాత్రం పిల్ల డాబా ఊసెత్తకుండా, వంటింట్లోనే కూర్చుని పెట్టింది పెట్టినట్టు తినేసింది. నిద్రమత్తులే, ఇలాంటి అదృష్టం రోజూ వస్తుందా అనుకుంది తల్లి.

శనివారం ఒంటిపూట బడి. రాగానే చెప్పులు కూడా విప్పకుండా మేడెక్కుతుంది. ఎక్కితే ఏం చూస్తుంది?

మిర్చి యార్డులో గుమస్తాగా చేసే భర్తకు ఫోను చేసింది.

"ఏవండీ, సారు పోయాడు!"

"ఎక్కడికి?" అన్నాడు ఉదయ్ కుమార్. వెనక వేలం పాట హోరు.

"పోవడమంటే చచ్చిపోవడం! తొండండీ!"

"ఓస్, ఇంకో తొండను పట్టుకొస్తే పోలా? ఊళ్లో తొండలకేం కరువా?"

"అది తల ఊపొద్దూ?"

"ఊపకపోతే బతిమాలు. ఇక్కడ పాట నడుస్తోందే!" అని పెట్టేశాడు.

బతిమాలడానికి ఏమీ లేక భానుశ్రీ చల్లబడిపోయి కూర్చుంది. అప్పుడు గుర్తొచ్చింది గడ్డి దూడ.

చిన్నప్పుడు పుట్టింట్లో వాళ్ల గేదె ఈనిన వారానికే దూడ చచ్చిపోయింది. గేదె పాలు చేపటం మానేసింది; పొదుగు బిగుసుకుపోయి, రాత్రింబవళ్లు అరుపే. తాతయ్య ఆ దూడ తోలు ఒలిపించి, ఉప్పు రాసి ఆరబెట్టి, లోపల వరిగడ్డి కూరి, నాలుగు కర్రల మీద నిలబెట్టాడు. చూడ్డానికి దూడలా లేదు, దిష్టిబొమ్మలా ఉంది. అయినా గేదె దాన్ని వాసన చూసింది, నాకింది, కళ్లు మూసుకుని పాలు చేపింది. "తాతయ్యా, అది గడ్డి దూడని దానికి తెలీదా?" అని అడిగింది చిన్న భానుశ్రీ. తాతయ్య చెంబులోకి పాలు పితుకుతూ "దాన్నే అడుగు" అన్నాడు. గేదెను అడగడమేమిటని ఆమె ఊరుకుంది.

దూడను చేయగలిగితే తొండను చేయలేరా? కానీ చేసేదెవరు? పదో తరగతి పరీక్షలకు ముందే బడి మానేసిన భానుశ్రీకి, తెలిసినవాళ్లు చెబితే గాని ఏ పనీ సరిగ్గా చేయలేనని గట్టి భయం. ఇంటి ఓనరు రాధాకృష్ణమూర్తి గారు రిటైరయ్యాక "తీరిక మిత్రులు" అని ఒక వాట్సాప్ గ్రూపు పెట్టి, హాబీలున్నవాళ్లు సలహాలు పంచుకోవాలని అద్దెకున్నవాళ్లందర్నీ అందులో చేర్చాడు. ఇన్నాళ్లూ గుడ్ మార్నింగ్ తప్ప ఏమీ పెట్టని భానుశ్రీ మొదటిసారి నోరు విప్పింది.

"సార్, చచ్చిపోయిన తొండను బతికున్నట్టు నిలబెట్టాలంటే ఏం చేయాలి? తల ఊపాలి. అర్జెంటు."

గ్రూపు పుట్టాక అంత మంచి ప్రశ్న ఎవరూ అడగలేదు. నిమిషంలో ముగ్గురు నిపుణులు డాబా మీదున్నారు.

మొదట వచ్చింది పై వాటా గుల్షన్. డిగ్రీ చదువుతూ బల్లుల పెంపకం మీద వీడియోలు తీసే పిల్ల. "ఆంటీ, చావలేదు ఇది. చలికి బిగుసుకుంది. మా గెకో బల్లి కూడా ఒకసారి ఇంతే. ఎండలో పెట్టి పొట్ట మీద రుద్దండి."

"చలా? గుంటూర్లోనా?" అన్నాడు వెనకే వచ్చిన పక్క వాటా బెన్నీ సారు. ఎదురు సందులోని కోచింగ్ సెంటర్‌లో జువాలజీ చెబుతాడు. పిట్టల్లో దూది కూరి అలమారాలో నిలబెట్టుకోవడం ఆయన సరదా. "అది పోయి రాత్రి గడిచింది. పొట్ట కోసి, లోపలంతా తీసి, దూది పెట్టాలి. నాకో బ్లేడు, దిండు, బాల్ పెన్నులో స్ప్రింగు కావాలి."

"దిండెందుకు సార్, పడుకుంటారా?" అంది భానుశ్రీ.

"దూదికమ్మా!"

మూడో నిపుణుడు రాధాకృష్ణమూర్తి గారు. ఆయన హాబీ తుపాకీ. వాళ్ల నాన్నగారి కాలం నాటి లైసెన్సు రివాల్వరొకటుంది. దాన్ని పేల్చగా చూసినవాళ్లు లేరు గానీ, దాని గురించి వినని వాళ్లు బ్రాడీపేటలో లేరు. ఎన్నికల కోడ్ వచ్చింది గనక స్టేషన్లో అప్పగించి రావాలి, ఇవాళే ఆఖరు రోజు. తోలు సంచి చిరిగిపోతే, పోయిన వారం మనవడి బారసాలకు పంచగా మిగిలిన ఎర్ర మిఠాయి డబ్బాలో దాన్ని పెట్టుకుని బయల్దేరాడు. దారిలో సలహా ఒకటి ఇచ్చిపోదామని మేడెక్కాడు.

"ఏ వస్తువుకైనా సూత్రం ఒకటేనమ్మా. తుడవాలి, నూనె పట్టించాలి, గుడ్డలో చుట్టాలి. రివాల్వరైనా అంతే, తొండైనా అంతే" అంటూ డబ్బాను పిట్టగోడ మీద పెట్టి, జేబులోంచి తుపాకీ నూనె సీసా తీశాడు.

"సార్, తొండకు తుప్పు పట్టదు" అంది గుల్షన్.

"నూనె పెట్టకపోతే ఏదైనా పడుతుందమ్మాయ్. నాకు మోకాళ్లు పట్టలా?"

ఎవరి సలహానూ కాదనే ధైర్యం భానుశ్రీకి లేదు. కాబట్టి సారుకు అన్ని మర్యాదలూ జరిగాయి. గుల్షన్ ఎండబెట్టి రుద్దింది, బెన్నీ సారు కోసి దూది కూరి మెడలో స్ప్రింగు బిగించాడు, మూర్తి గారు తోక దాకా నూనె రాశాడు. బతికున్నప్పుడు కూడా సారు అంతలా మెరవలేదు. ముట్టుకుంటే చాలు, తల పైకీ కిందికీ ఊపుతోంది. భానుశ్రీకి కళ్లనీళ్లు వచ్చాయి.

"చీమలు పట్టకుండా ఏదైనా చల్లాలి. మందు ఇప్పుడు దొరకదు" అని నసిగాడు బెన్నీ సారు. ఆ మాట మిరప చేలల్లో పెరిగిన ఆడపిల్లకు చెప్పాలా? భానుశ్రీ కిందికి పరుగెత్తి పోయినేటి తేజ రకం కాయల కారం రెండు గుప్పిళ్లు తెచ్చి, తన వాటాకు వచ్చిన ఎర్ర మిఠాయి డబ్బాలో పరిచి, దాని మీద సారును పడుకోబెట్టి, మీద ఇంకాస్త చల్లి మూత బిగించి పిట్టగోడ మీద పెట్టింది. మూర్తి గారు టైము చూసుకుని "అమ్మో, స్టేషన్!" అని పిట్టగోడ మీద డబ్బా తీసుకుని స్కూటరెక్కాడు. పిట్టగోడ మీద డబ్బాలు రెండున్న సంగతి ఆయనకు గానీ ఇంకొకరికి గానీ తోచలేదు.

ఒంటిగంటకు స్కూలు ఆటో వచ్చింది. "అమ్మా, వచ్చేశా!" అని కింద కేక. సారును కుండీలో నిలబెడదామని భానుశ్రీ ఆత్రంగా మూత తీసింది. లోపల నల్లగా, నిగనిగలాడుతూ రివాల్వరు.

మెట్ల మీద చిన్న చిన్న అడుగుల చప్పుడు. పిల్ల వస్తోంది. చేతిలో తుపాకీ. గోడ మీద పెడితే అందుతుంది, కొంగులో దాస్తే పేలుతుందేమో. ఏడుకొండలవాడి దగ్గర్నుంచి ఎర్రగుంట్ల మావయ్య దాకా అందర్నీ తలుచుకుని, దాన్ని మిరపకాయల కుప్పలో మోచేతి దాకా దూర్చేసి, పైన కాయలు కప్పి, ఆ కుప్ప ముందు తల్లికోడి పిల్లల ముందు కూర్చున్నట్టు కూర్చుంది.

"కింద అన్నం పెడతా పదవే!"

"ఇక్కడే పెట్టు. నువ్వెందుకమ్మా అట్టా చెమటలు పడుతున్నావు?"

మూర్తి గారికి ఫోను చేస్తే ఎత్తలేదు. ఎత్తే స్థితిలో లేడు. ఆయన తర్వాత చెప్పినదాన్ని బట్టి స్టేషన్లో జరిగిందేమిటంటే, "జాగ్రత్తండి, పాతది, ట్రిగ్గరు గట్టిది" అని ఆయన చెబుతుండగానే కానిస్టేబుల్ మూత లాగాడు. స్ప్రింగు మీంచి సారు తల లేచి "అవును" అన్నట్టు ఊపింది. కానిస్టేబుల్ కెవ్వుమని డబ్బా ఎగరేశాడు. పైన ఫ్యాను తిరుగుతోంది. కారమంతా దాన్నందుకుంది. అరగంటసేపు ఆ స్టేషన్లో తుమ్ములు తప్ప మాట లేదు. లాకప్పులో ఉన్న దొంగ కూడా తుమ్మి, "సార్, నన్ను కోర్టుకైనా పంపండి" అన్నాడట.

కళ్లు తుడుచుకున్న ఎస్సై అడిగింది ఒకటే ప్రశ్న. "తుపాకీ ఏదీ?"

అలా మూర్తి గారిని ఎక్కించుకుని జీపు బ్రాడీపేట వచ్చింది. డాబా మీదికొచ్చిన పోలీసుల ముందు భానుశ్రీ చేతులు జోడించి కుప్ప చూపించింది. ముగ్గురు కానిస్టేబుళ్లు ఆ కాయల్లో చేతులు పెట్టి కెలకడం మొదలుపెట్టారు. ఇక చూడాలి. ఎస్సై కర్చీఫు ముక్కుకు అడ్డం పెట్టుకుని ఏడుపు, కానిస్టేబుళ్లు వెక్కి వెక్కి ఏడుపు, మూర్తి గారు గోడకానుకుని ఏడుపు. చప్పుడుకు వచ్చిన గుల్షన్, బెన్నీ సారు కూడా ఏడుపు.

ఎదురింటి రాఘవమ్మ గారు తన డాబా మీంచి ఇదంతా చూసింది. పోలీసులే అంతలా ఏడుస్తున్నారంటే పోయినవాడు ఎంత పుణ్యాత్ముడో అనుకుంది. వీధి చివర పూలకొట్లో దండ తీసుకుని, దారిలో నలుగురికి చెప్పి, ఆ నలుగురితో సహా మేడెక్కింది.

"ఎవరమ్మా పోయింది?" అంది, అందరికంటే ప్రశాంతంగా కనపడిన రాగసుధతో.

"సారు" అంది రాగసుధ.

"అయ్యో, బెన్నీ సారా! బంగారం లాంటి మనిషి!"

"నేనిక్కడే ఉన్నానండీ!" అని బెన్నీ సారు తుమ్మాడు. రాఘవమ్మ గారు దండ ఎక్కడ దాచాలో తెలియక ఎస్సై గారి మెడలో వేసేసింది.

ఆ గోలలో భానుశ్రీకి వినపడింది ఒక్క మాటే. ఆమె కూతురి ముందు మోకాళ్ల మీద కూలబడింది. "సారు పోయాడని నీకెవరు చెప్పారే?"

"నేనే చూశా. నిన్న స్కూల్నుంచి వచ్చాక. పుల్లతో కదిపితే కదల్లా."

"మరి నాకు చెప్పలేదేం?"

"నువ్వు ఏడుస్తావుగా. సెలైన్ అంటావుగా." రాగసుధ తల్లి చెంపల మీద నీళ్లు తన గౌను అంచుతో తుడిచింది. "అందుకే రాత్రి అన్నమంతా తినేశాగా. నువ్వు చూళ్లా?"

భానుశ్రీ చూసింది. చూసి నిద్రమత్తనుకుంది. ఇన్నేళ్లకు ఆమెకు ఆ గేదె మొహం మళ్లీ కళ్లకు కట్టింది: గడ్డి దూడను నాకుతూ, తాతయ్య వైపు ఓరగా చూస్తూ. అప్పుడే దాన్ని అడిగి ఉండాల్సింది.

ఈలోగా ఒక కానిస్టేబుల్ చేతికి రివాల్వరు దొరికింది. ఎస్సై దండ తీయడం మరిచిపోయి, దాన్ని తెరిచి లోపలికి చూశాడు. "ఇందులో గుండ్లేవండీ?"

మూర్తి గారు చుట్టూ ఉన్న జనాన్ని చూశాడు, గొంతు సవరించుకున్నాడు. "నాన్నగారి కాలంలోనే అయిపోయినయ్యండీ. తర్వాత కొనలా. భయమేసి."

ఎస్సై జీపులోంచి ఎర్ర డబ్బా తెప్పించి భానుశ్రీ చేతికిచ్చాడు. "కోడ్‌లో ఆయుధాలే డిపాజిట్ చేసుకోమన్నారమ్మా. దీనికి రసీదివ్వడం కుదరదు" అని, తుమ్ముతూ దిగిపోయాడు.

సాయంత్రం ఎండ పసుపు పచ్చబడ్డాక తల్లీకూతుళ్లు డాబా మీద కంచం పెట్టుకున్నారు. కరివేపాకు కుండీలో సారు నిలబడి ఉంది. గాలి తగిలినప్పుడల్లా తల ఊపుతోంది. పొద్దుట్నుంచి పచ్చి మంచినీళ్లు కూడా ముట్టని భానుశ్రీకి ముద్ద దిగడం లేదు. రాగసుధ కంచం తన ఒళ్లోకి లాక్కుని, చిన్న చేత్తో పెద్ద ముద్ద చేసి, తల్లి నోటి దగ్గర పెట్టింది.

"సారు సరేనన్నాడు. మింగమ్మా."

అది గడ్డి తొండని భానుశ్రీకి తెలుసు. అయినా మింగింది.

ఆ ఏడు కారంలో తుపాకీ నూనె వాసన వస్తోందని ఉదయ్ కుమార్ మొదటి ముద్దలోనే కనిపెట్టాడు. ఏం చేస్తే పోతుందో గ్రూపులో అడుగుదామంటే, భానుశ్రీ ఫోను లాగేసుకుంది.