మర్యాద నేర్చిన బస్సు

ఆ ఉదయం ఇసోగై వేసుకున్న పథకం చాలా చిన్నది. తొమ్మిదింటికి డ్రైవరు లేని మూడు చిన్న బస్సులు ఒకదాని వెనక ఒకటి బయలుదేరాలి. ఊరి చివర స్టాపులో కునియె బామ్మను ఎక్కించుకుని పదింటికల్లా ఆసుపత్రికి చేర్చాలి. ముందు బస్సులో కూర్చున్న నగరపాలక అధికారి ముకాయ్ అనుమతి పత్రం మీద ముద్ర కొట్టాలి. ముద్ర పడకపోతే నెలాఖరుకి బస్సులు షెడ్డుకి, ఇసోగై అద్దాలు తుడిచే వైపర్లు బిగించే విభాగానికి. ఈ బస్సులొస్తాయన్న నమ్మకంతోనే బామ్మ ఎనభై రెండో ఏట, ఇక కారు నడపనని లైసెన్సు పోలీసులకు తిరిగిచ్చేసింది కూడా.

ఇసోగై మంచి ఇంజనీరే. కాకపోతే మర్యాద కాస్త ఎక్కువ. ఆ ఊళ్ళో రోడ్డు దాటేవాళ్ళు ముందు బండికి వంగి నమస్కరిస్తారు కాబట్టి, రోడ్డు వారన ఎవరైనా నడుం వంచితే, దాటబోతున్నారని గ్రహించి ఆగడం బస్సుకు నేర్పాడు. అక్కడితో ఊరుకున్నా బాగుండేది. బదులు నమస్కారం లేకపోతే ఏం బాగుంటుందని, ఆగిన బస్సు ముందు భాగం జానెడు కిందికి దిగి లేచేలా చేశాడు. ముందు బస్సు చూసింది వెనక బస్సులకు క్షణంలో తెలుస్తుంది. అవీ అదే చేస్తాయి.

స్టాపు ఇంకా ఇరవై అడుగులుందనగా బామ్మ బస్సును చూసి వంగి నమస్కరించింది. బస్సు ఆగి, వంగింది.

"అయ్యయ్యో, అంత పెద్ద బండి నాకు వంగడమా!" అని బామ్మ నొచ్చుకుని ఇంకాస్త వంగింది. మూడు బస్సులూ మళ్ళీ వంగాయి.

"ఎందుకాగింది?" అన్నాడు ముకాయ్, పక్క సీట్లో ఉన్న ఇసోగైతో.

"బామ్మగారు దాటుతారేమోనని చూస్తోందండీ."

"ఆవిడ దాటట్లేదుగా?"

"లేదండీ. నమస్కారం పెడుతున్నారు."

"ఎవరికి?"

"బస్సుకి."

మీట నొక్కి బస్సును కదిలించవచ్చు. కానీ మనిషి చెయ్యి పడితే పరీక్ష పోయినట్టే. ఇసోగై దిగి పరుగెత్తాడు. పెద్దవాళ్ళతో వంగకుండా మాట్లాడటం అతనికి చేతకాదు. వంగాడు. బస్సులూ వంగాయి.

"బామ్మగారూ, దయచేసి వంగకండి!"

"నువ్వు వంగుతుంటే నేను నిటారుగా ఎలా నిలబడను నాయనా? మా అమ్మ నన్నలా పెంచలేదు."

మూడు బస్సులు వంగి లేస్తుంటే, ఎవరో గొప్పవాళ్ళు వచ్చారనుకుని టోఫు కొట్టాయన బయటికొచ్చి వంగాడు. అతన్ని చూసి వీధంతా వంగింది. చివరికి ముకాయ్ చిరాకుగా దిగి, రెండడుగులు వేసి ఠక్కున ఆగిపోయాడు.

"టీచరుగారా! నేనండీ, ముకాయ్‌ని. మూడో తరగతి."

వంగాడు.

"నడుం సరిగ్గా వంచరా," అంది బామ్మ. "అప్పుడూ ఇంతే నువ్వు."

పదిన్నర దాటింది. ముకాయ్ నడుం పట్టుకుని నిలబడి గడియారం చూశాడు. ఇసోగైకి కళ్ళముందు వైపర్లు కదలాడాయి.

"నేను పరీక్షించాల్సింది ఒక్కటే," అన్నాడు ముకాయ్. "మనిషి ఎదురుగా ఉంటే బండి కదలకూడదు. గంటకు పైగా కదల్లేదు. ఒక్క హారను మోగలేదు. ఇంత నిగ్రహం మా ఆఫీసులో కూడా చూడలేదు."

అక్కడికక్కడే ముద్ర కొట్టాడు. ఇసోగై కళ్ళనీళ్ళ పర్యంతమై తల నేలకు తగిలేంతగా వంగాడు. ముకాయ్ అతనికి వంగాడు, వీధి ఇద్దరికీ వంగింది, బస్సులు అందరికీ వంగాయి.

బామ్మ ఆసుపత్రికి టాక్సీలో వెళ్ళింది.