సామ్రాజ్యం పడుకున్న పూట

ఆ రోజు పొద్దున్నే పానకాలు ఒక నిర్ణయానికి వచ్చాడు. పెళ్ళయి పన్నెండేళ్ళయినా అతను సొంతంగా నిర్ణయాలు తీసుకున్న సందర్భాలు తక్కువ కాబట్టి, భార్య సామ్రాజ్యానికి చెప్పే ముందు రెండుసార్లు గొంతు సవరించుకున్నాడు. ఇవాళ సామ్రాజ్యం ఇంట్లో ఏ పనీ ముట్టుకోకూడదు. సాయంత్రం దాకా కంటినిండా నిద్రపోవాలి. నాన్న సంగతి తను చూసుకుంటాడు. ఇదీ నిర్ణయం.

కారణం లేకపోలేదు. అతని తండ్రి గురవయ్యకు పక్షవాతం వచ్చి ఎడమ కాలూ ఎడమ చెయ్యీ పడిపోయి రెండేళ్ళు దాటింది. అప్పటి నుంచి ముసలాయనకు ముఖం కడగడం దగ్గర నుంచి మంచం మీద పక్కకు తిప్పి పడుకోబెట్టడం దాకా అన్నీ కోడలే. రాత్రిళ్ళు గంటకోసారి 'అమ్మాయ్' అని పిలుస్తాడు. పగలు వంటా, మగ్గానికి నూలు కండెలు చుట్టడమూ ఉండనే ఉన్నాయి. ముందురోజు సామ్రాజ్యం రాట్నం తిప్పుతూ కూర్చున్నది కూర్చున్నట్టే ముందుకు ఒరిగిపోయింది. వచ్చి చూసిన కాంపౌండరు యేసుపాదం జబ్బేమీ లేదనీ, నిద్ర లేకపోవడమే జబ్బనీ అన్నాడు. ఇట్లాగే ఇంకో నెల సాగితే మామగారి మంచం పక్కన ఇంకో మంచం వేయాల్సి వస్తుందని పానకాలును పక్కకు పిలిచి చెప్పాడు.

సామ్రాజ్యం ఓ పట్టాన ఒప్పుకోలేదు. చివరికి మామగారికి మాత్ర ఎప్పుడు, మజ్జిగ ఎప్పుడు, ఏ పక్కకు ఎంతసేపు పడుకోబెట్టాలి, అన్నీ అప్పజెప్పింది. పానకాలు అన్నిటికీ తలూపాడు గానీ ఒక్కటీ బుర్రకెక్కించుకోలేదు. మగ్గం ఉన్న ముందుగదిలోనే ఓ మూల ఆమెకు చాప పరిచి, తలుపు దగ్గరగా వేసి, చప్పుడుకు ఆమె నిద్ర చెడుతుందని మగ్గం ఆపేశాడు.

అది పంతొమ్మిది వందల యాభై ఎనిమిదో సంవత్సరం వేసవి. మంగళగిరిలో ఆ నేతవాళ్ళ వీధిలో అమావాస్య నాడు తప్ప మగ్గం ఆగదు. అరవై మగ్గాల చప్పుడులో ఏది ఎవరిదో చెప్పగల చెవులు అక్కడివాళ్ళవి. మామూలు రోజున ఉన్నట్టుండి మగ్గం ఆగిందంటే ఆ ఇంట్లో ఎవరో పోయారనే లెక్క. ఈ సంగతి పానకాలుకూ తెలుసు. కానీ భార్య నిద్ర ధ్యాసలో ఉన్నవాడికి అది తట్టలేదు.

ముసలాయన లోపల ఉంటే 'అమ్మాయ్' అనకుండా ఉండడు. అందుకని బయటికి చేర్చాలి. పట్టెమంచం గుమ్మంలో పట్టలేదు. తండ్రిని భుజాన వేసుకుని మోసుకొచ్చాడు. అరుగు మీద పడుకోబెడితే దొర్లి పడతాడేమోనని ఇంటి ముందు పందిట్లో నేల మీదే చాప వేశాడు. రాత్రంతా మేలుకుని ఉన్న గురవయ్యకు చల్లగాలి తగలగానే గాఢంగా నిద్ర పట్టింది. ఈగలు ముసురుతుంటే పానకాలు ఉతికిన తెల్లపంచె తెచ్చి తల నుంచి కాళ్ళ దాకా కప్పాడు. తర్వాత ఆయనకు స్నానం చేయించాలని గుర్తొచ్చింది. పెరట్లో పొయ్యి వెలిగిస్తే వేణ్ణీళ్ళు సామ్రాజ్యం పడుకున్న ముందుగదిలోంచే మోసుకురావాలి. వీధి వాకిట్లోనే మూడు రాళ్ళు పెట్టి పెద్ద కాగు ఎక్కించాడు. పచ్చి కట్టెలు ఊది ఊది అతని కళ్ళు మిరపపళ్ళలా ఎర్రబడ్డాయి.

పానకాలు మగ్గం వినిపించడం లేదేమిటా అని ఎదురింటి కోటిరత్నం గుమ్మంలోకి వచ్చింది. నేల మీద తెల్లపంచె కింద కదలని గురవయ్య, వాకిట్లో నీళ్ళ కాగు, దాని పక్కన కళ్ళు తుడుచుకుంటున్న కొడుకు. ఆమె నోరు తెరవబోయింది. పానకాలు పరుగున వెళ్ళి, పెదవుల మీద వేలు పెట్టుకుని, మూసిన తలుపు వైపు చూపించి దణ్ణం పెట్టాడు. పాపం కోడలు ఏడ్చి ఏడ్చి సొమ్మసిల్లి ఉంటుందని కోటిరత్నం అర్థం చేసుకుంది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి పోయింది. చెప్పకుండానే ఇంత గ్రహించే మనిషి ఎదురింట్లో ఉండటం తన అదృష్టమని పానకాలు అనుకున్నాడు.

స్నానానికి ముందు ఒళ్ళు రుద్దే తైలం సీసా ఎక్కడా కనిపించలేదు. అది ఎక్కడుంటుందో తెలిసిన ఒకే ఒక్క మనిషిని లేపకూడదు. నాన్న ఎలాగూ నిద్రపోతున్నాడు గదా అని అతను బజారుకు వెళ్ళాడు. ఆ తైలం మూడో కొట్టులో గానీ దొరకలేదు.

తిరిగి వచ్చేసరికి వీధిలో ఒక్క మగ్గమూ ఆడటం లేదు. జనమంతా అతని ఇంటి ముందే ఉన్నారు. కులపెద్ద యలమందయ్య దగ్గరుండి పాడెకు వెదురు బొంగులు కొలిపిస్తున్నాడు. పొన్నూరులో ఉన్న పానకాలు చెల్లెలు హనుమాయమ్మకు అప్పటికే టెలిగ్రాం వెళ్ళిపోయింది. ఆడవాళ్ళు పందిట్లో చేరి, లోపల సొమ్మసిల్లిన కోడలికి మెలకువ రాకుండా, చప్పుడు చేయకుండా ఏడుస్తున్నారు.

పానకాలు తైలం సీసా అరుగు మీద పెట్టేశాడు. తను బజారులో ఉన్న గంటసేపట్లో నాన్న పోయాడు. ఇంతమంది ఊరికే ఏడవరు గదా! మాత్ర వేయలేదు, మజ్జిగ పట్టలేదు. రెండేళ్ళపాటు పగలనక రాత్రనక సామ్రాజ్యం ఒక్కతే ఆ ప్రాణాన్ని నిలబెట్టుకుంటూ వచ్చింది. తను ఒక్క పూట నిలబెట్టలేకపోయాడు. లేచాక ఆమెకు ఏ ముఖం పెట్టుకుని చెప్పాలి? చాప పక్కన కూలబడి గొంతు పైకి రాకుండా పసివాడిలా ఏడ్చాడు. అంతవరకూ కాస్త అనుమానం ఉన్న ఒకరిద్దరికి దాంతో అదీ తీరిపోయింది.

ఇక పోయినవాడి మంచితనం చెప్పుకోవాలి. కోటిరత్నం మొదలుపెట్టింది.

"సామ్రాజ్యం ఏనాడూ విసుక్కోగా చూళ్ళేదమ్మా. ఎత్తటం, దించటం, కడగటం. కన్నకూతురు గూడా అట్లా చెయ్యదు."

పక్కింటి పిచ్చమ్మ అందుకుంది. సామ్రాజ్యం తమ్ముడి పెళ్ళికి కూడా పొద్దున వెళ్ళి సాయంత్రానికల్లా తిరిగొచ్చిందట. ఇంకొకామె, ముసలాయన కోపమొచ్చి పళ్ళెం విసిరికొడితే ఆ పళ్ళెమే కడిగి మళ్ళీ అన్నం కలిపి తెచ్చిన సంగతి చెప్పింది. యలమందయ్య బొంగులు వదిలి వచ్చి, ఇంతమందిమి ఉండీ ఒక్కనాడు ఆ పిల్లకు చెయ్యి సాయం చేయలేకపోయామని తల దించుకున్నాడు.

అప్పుడు తెల్లపంచె కదిలింది. గురవయ్యకు మెలకువ వచ్చి చాలాసేపయింది. తను పోయినట్టు మాటలను బట్టి గ్రహించి, తన గురించి ఏమంటారో విందామని ఊపిరి బిగబట్టి పడుకున్నాడు. ఎంతసేపు విన్నా కోడలి మాటే గానీ తన మాట రాలేదు. ఓపిక నశించి కుడిచేత్తో పంచె లాగేశాడు.

"నా గురించి ఒక్కళ్ళూ ఒక్క మంచిముక్క చెప్పరేం?"

ఆడవాళ్ళు కెవ్వుమనబోయారు. ఆయన చెయ్యెత్తి ఆపాడు.

"గోల చెయ్యమాకండి. లోపల పిల్ల పడుకుంది."

అరుపులన్నీ గొంతుల్లోనే ఆగిపోయాయి. యలమందయ్య వెనక్కి వెళ్ళి, కొలిపించిన బొంగుల మీదే కూర్చుండిపోయాడు. పానకాలు తండ్రి కాళ్ళు పట్టుకుని మళ్ళీ మొదటి నుంచి ఏడ్చాడు.

మధ్యాహ్నం మూడింటికి హనుమాయమ్మ వీధి మొదట్లో రిక్షా దిగుతూనే శోకం ఎత్తుకుంది. పందిట్లోకి వచ్చేసరికి తండ్రి గోడకు ఆనుకుని కూర్చుని, కోటిరత్నం కలిపి పెడుతున్న పప్పన్నం తింటున్నాడు. చావింట్లో పొయ్యి వెలగదని నలుగురూ వండి తెచ్చారు. మనిషి బతికే ఉన్నాడని వండిన అన్నం పారబోయలేరు గదా.

"నెమ్మదిగా ఏడవ్వే," అన్నాడు గురవయ్య ముద్ద మింగి. "బతికున్న నాన్నను చూడ్డానికి రెండేళ్ళు నీకు బస్సు దొరకలేదు. చచ్చానంటే దొరికింది. ఎట్లాగూ వచ్చావు గాబట్టి పదిరోజులుండు. మీ వదినకి నిద్ర కావాలి."

ఏడుపు ఆపాలో, ఇంకో రకంగా ఏడవాలో హనుమాయమ్మకు తెలియలేదు. ఉండటానికి మాత్రం ఒప్పుకుంది. యలమందయ్య అక్కడికక్కడే వంతులు వేసేశాడు. ఎత్తి దించటానికి తన కొడుకులు, మధ్యాహ్నం అన్నం పెట్టటానికి కోటిరత్నం, రాత్రిళ్ళు పిలిస్తే పలకటానికి రోజుకో మగాడు. ఇందులో గురవయ్య అభిప్రాయం ఎవరూ అడగలేదు. ఆ పూటకు ఆయన పోయినవాళ్ళ కిందే లెక్క.

ఈ కబురు చెప్పాలని పానకాలు మునివేళ్ళ మీద లోపలికి వెళ్ళాడు. సామ్రాజ్యం చాప మీద కళ్ళు తెరుచుకుని పడుకుని ఉంది.

"అప్పుడే లేచావా?"

"నిద్రపోతేగా లేవటానికి. మగ్గం ఆగితే నాకు నిద్రెట్లా పడుతుంది?"

కాపురానికి వచ్చిన నాటి నుంచి పగటిపూట ఆ చప్పుడులోనే కునుకు తీయడం ఆమెకు అలవాటు. అది ఆగితే ఏమయిందోనని మెలకువ వచ్చేస్తుంది. పొద్దుటి నుంచీ రెప్ప వేయలేదట. బయట జరిగిందంతా విందట.

"నాన్న పోయాడని నేను కుళ్ళి కుళ్ళి ఏడుస్తుంటే లేచి రావొద్దూ?"

"పంచె కింద మామయ్య దగ్గు ఆపుకోటం నాకు వినపడతానే ఉంది. రెండేళ్ళ నుంచీ వింటున్న దగ్గు గదా." ఆమె గోడ వైపు తిరిగింది. "నేను లేస్తే వాళ్ళు మాటలాపేస్తారు. నా గురించి ఒక్కసారన్నా పూర్తిగా విందామనిపించింది."

పానకాలుకు సిగ్గేసింది. పన్నెండేళ్ళలో ఆ మాటల్లో ఒక్కటి కూడా తను అనలేదు. "వాళ్ళన్నది నిజమే," అన్నాడు. అంతకంటే పెద్ద మాటలు అతనికి చేతకావు. మగ్గం గుంటలోకి దిగి నేయడం మొదలుపెట్టాడు. పది పోగులు పడకముందే వెనక నుంచి గురక వినిపించింది. అతను అలసిపోతే యలమందయ్య పెద్దకొడుకు దిగాడు, వాడు అలసిపోతే ఇంకొకడు దిగాడు. ఆ మగ్గాన్ని ఆగనివ్వలేదు. సామ్రాజ్యం మర్నాడు బారెడు పొద్దెక్కాక లేచింది.

గురవయ్య ఇంకో మూడేళ్ళు బతికాడు. ఆ వీధిలో ఏ ఇంట మగ్గం ఆగినా జనం ముందుగా కోడలికి ఎలా ఉందని అడిగి, ఆ తర్వాత తీరుబడి ఉంటే మామగారు ఉన్నాడా పోయాడా అని అడిగేవారు.