గురవయ్య చుట్టూ ఎర్ర గీతలు

ఆ ఆదివారం పొద్దున కాశయ్య వేసుకున్న ప్లాను చాలా చిన్నది. మార్కాపురంలో కారెక్కి గిద్దలూరు చేరడం, కొడుకు మహేష్‌కు తాంబూలాలు మార్పించడం, కాబోయే వియ్యంకుడు గురవయ్య బోరు సంగతి ఎత్తేలోపే చెప్పులేసుకుని బయటపడడం. కాశయ్య తన బత్తాయి తోటలో బోరు రెండించుల నీళ్లు పోస్తోందని మొదటి మాటల్లోనే చెప్పేశాడు మరి. ఆ బోరు పోయిన వేసవిలోనే ఎండిపోయింది. అది బయటపడితే సంబంధం తప్పిపోతుంది. సంబంధం తప్పితే, రెండు నెలలుగా గురవయ్య కూతురు రమ్యతో ఫోనులో తప్ప ఇంట్లో ఎవరితోనూ మాట్లాడని మహేష్ ఏమైపోతాడోనని తండ్రి బెంగ.

తను ఒకటి దాచాడు కాబట్టి అవతలివాళ్లు కనీసం రెండైనా దాచి ఉంటారని కాశయ్యకు గట్టి నమ్మకం. గుమ్మం దాటగానే గోడలకు కొత్త రంగు ఎందుకు వేశారా అని అనుమానపడ్డాడు. కాఫీలో చక్కెర అంత దండిగా ఎందుకు పోశారా అని అనుమానపడ్డాడు. ఇంక అనుమానించడానికి ఇంట్లో ఏమీ మిగలక, ఆడపిల్లవారు పిలిపించిన ఫోటోగ్రాఫర్ వసీం మీద పడ్డాడు.

వసీం చేతిలో కెమెరా కొత్తదే. దాని ముందున్న లెన్సు మాత్రం రంగు వెలిసిపోయిన పాతది. అందరినీ కదలొద్దని నిలబెట్టి, రేడియోలో స్టేషను వెతుకుతున్నట్టు లెన్సు మీది రింగును మెల్లగా అటూ ఇటూ తిప్పుతున్నాడు.

"ఈ కాలంలో చేత్తో తిప్పేదేంది అబ్బయ్యా?" అన్నాడు కాశయ్య.

"మా నాయన స్టూడియోలో వాడిన లెన్సు పెదనాయనా. దీన్ని చేత్తోనే తిప్పాల."

జవాబు ఇంత తిన్నగా వచ్చేసరికి అనుమానం ముదిరింది. కాశయ్య మెల్లగా వసీం వెనక్కి చేరి, కెమెరా వెనక ఉన్న చిన్న తెరలోకి తొంగిచూశాడు. అప్పుడే గురవయ్య ఎవరితోనో, ఒంగోలులో రమ్య ఉద్యోగం పర్మినెంటేనని చెబుతున్నాడు. తెర మీద ఆయన మీసం, భుజాలు, పంచె అంచు చుట్టూ ఎర్రటి గీతలు పాకాయి. ఆయన వెనక నోరు మూసుకుని కూర్చున్న పురోహితుడి మీద ఒక్క గీత కూడా లేదు. ఇంతలో గురవయ్య భార్య పద్మావతి, భక్షాలన్నీ తన చేత్తోనే చేశానని చెప్పుకుంటూ ముందుకొచ్చింది. వసీం రింగు తిప్పాడు. ఎరుపు గురవయ్యను వదిలేసి ఆమెను చుట్టుకుంది. ఆ భక్షాల అట్టపెట్టె మీద స్వీటు షాపు పేరును కాశయ్య ఇందాకే వంటింటి కిటికీలోంచి చదివి ఉన్నాడు.

భార్య పోయాక ఇంటికి పెద్దదిక్కయిన అక్క లక్ష్మీకుమారిని తలుపు చాటుకు లాక్కుపోయాడు.

"అక్కా, ఆ కెమెరా అబద్ధం చెప్పినోళ్లను ఎర్రగా చూపిస్తాంది. మన మీదికి తిప్పకముందే తాంబూలాలు కానియ్యాల."

లక్ష్మీకుమారి నోట్లో ఏ మాటా నానదు. భక్షాల సంగతి తేల్చుకుందామని ఆమె కెమెరా మాటను పద్మావతి చెవిలో వేసింది, పద్మావతి భర్త చెవిలో వేసింది. క్షణాల్లో ఇల్లంతా పాకిపోయింది. వసీం దగ్గరికి రమ్మన్న కొద్దీ జనం గోడలకు అతుక్కుపోసాగారు. చివరికి కెమెరా ముందు పురోహితుడొక్కడే మిగిలాడు. వసీంకు ఏమీ అర్థం కాక, తనే ఒక్కొక్కరి మీదికీ నడవడం మొదలుపెట్టాడు.

మొదట పద్మావతి తలొంచుకుని భక్షాలు కొన్నవేనని ఒప్పేసుకుంది. తర్వాత గురవయ్య లేచి, రమ్యది పర్మినెంటు ఉద్యోగం కాదనీ, ఏటేటా కాంట్రాక్టు పొడిగిస్తున్నారనీ చెప్పి చేతులు జోడించాడు. తన అనుమానం అక్షరాలా నిజమైనందుకు కాశయ్యకు పట్టరాని సంతోషం కలిగింది. ఆ సంతోషంలో ఉండగానే లెన్సు ఆయన వైపు తిరిగింది.

"ఇప్పుడు మీరు పెదనాయనా. కదలొద్దు."

రింగు కదిలింది. కాశయ్య రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు.

"బోరులో చుక్క నీళ్లు లేవు బావా. పోయిన ఎండాకాలమే పోయింది. తప్పు నాది, పిల్లోడికి ఏ పాపం తెలీదు."

విషయం తెలుసుకుని వసీం తలగోక్కున్నాడు. ఆ గీతలు రింగు సరిగ్గా కుదిరిందని చెప్పే గుర్తు మాత్రమేననీ, ఎవరు స్పష్టంగా పడతారో వాళ్ల అంచులు తెర మీద అట్లా ఎర్రగా మెరుస్తాయనీ, ఫోటోలో అసలు రావనీ వివరించాడు. తొందరపడి నిజాలు చెప్పుకున్నవాళ్లంతా లక్ష్మీకుమారి వైపు కోపంగా చూశారు. కాశయ్యకు ఎవరి వైపూ చూసే ముఖం లేదు. కొడుకు పెళ్లి తన చేతులతోనే చెడగొట్టానని కళ్లల్లో నీళ్లు తిరుగుతుండగా చెప్పుల కోసం వెతుక్కోసాగాడు.

"కూర్చో బావా," అన్నాడు గురవయ్య. "మీ తోటకు నీళ్ల ట్యాంకరు తోలేది మా బామ్మర్దే. సంబంధం అనుకోకముందే అంతా చెప్పినాడు. నీళ్లు కొని పోసైనా చెట్లను బతికించుకునే మనిషి మా పిల్లను ఎండగట్టడులే అనుకున్నాం."

కాశయ్య కూర్చున్నాడు. తాంబూలాలు మారాయి. ఫోటోలో మహేష్ నవ్వు చెవుల దాకా పడింది.

మర్నాడు ట్యాంకరు తోటకు వచ్చినప్పుడు డ్రైవరు ఎంత ఆప్యాయంగా పలకరించినా, కాశయ్య వాన సంగతి తప్ప ఇంకేమీ మాట్లాడలేదు.