రెండో కుర్చీ కాలు

తెలుగు మాస్టారి పదవీ విరమణ ఇంకో వారంలోకి వచ్చింది. ఆ ఉదయం చొక్కా గుండీలు పెట్టుకుంటూ ఆయనొక నిశ్చయానికొచ్చారు: ఇవాళ పదో తరగతిలో ఎవర్నీ గైడు ముట్టుకోనివ్వకూడదు. ముప్పై ఏళ్ళుగా గైడులోంచి దింపిన జవాబులే దిద్ది దిద్ది ఆయనకు ప్రాణం విసిగిపోయింది. వెళ్ళిపోయేలోగా ఒక్క పిల్లైనా సొంతంగా ఒక్క మాటంటే చెవులారా వినాలని ఆశ.

చిన్నప్పుడు వాళ్ళ మాస్టారు పాఠం మధ్యలో పుస్తకం టప్పున మూసేసి, "ఇప్పుడు నువ్వు చెప్పు" అనేవారు. ఈయనకు నోరు పెగిలేది కాదు. పక్క వరసలోని రెండు జడల పిల్ల మాత్రం గబుక్కున లేచి గడగడా చెప్పేసేది. ఆ పిల్లే ఇప్పుడు ఈయన భార్య. ఎంత బాగుండేవో ఆ రోజులు!

అలా తలుచుకుంటూ క్లాసులో ఇవ్వాల్సిన కవిత కోసం బల్ల మీది కాగితమొకటి జేబులో కుక్కుకుని, కళ్ళజోడు అక్కడే మరిచిపోయి బడికి పరుగెత్తారు. క్లాసు లీడరు చేతికి కాగితమిచ్చి, "బోర్డు మీద రాయమ్మా, నాకు కనపడదు" అన్నారు. ఆ పిల్ల రాసి, పైకి చదివింది.

"కుళాయి కారుతూనే ఉంది.
కిటికీ గాలికి కొట్టుకుంటోంది.
రెండో కుర్చీ కాలు విరిగింది.
ఎన్నిసార్లు చెప్పినా ఇంతే."

మాస్టారికి అప్పుడు వెలిగింది. అది కవిత కాదు, ఇంట్లో ఆవిడ రాసిపెట్టిన మరమ్మతుల చీటీ! చెరిపేద్దామని డస్టరు అందుకునేసరికి హెడ్మిస్ట్రెస్ గారు తనిఖీ అధికారిని వెంటబెట్టుకుని లోపలికొచ్చారు.

"ఎవరి కవిత మాస్టారూ?" అన్నారు అధికారి.

"ఒక కవయిత్రిదండీ... పేరు చెప్పుకోవడం ఆవిడకిష్టం ఉండదు."

"భలే! ఎవరు వివరిస్తారర్రా?"

ముందు బెంచీవాడు లేచాడు. "ఇందులో కవి ప్రకృతిని అద్భుతంగా వర్ణించాడండీ."

"ప్రకృతెక్కడుందిరా?" అన్నారు మాస్టారు.

"గాలుంది కదండీ!"

క్లాసంతా గొల్లుమంది. అప్పుడు లేచింది, ఏడాదంతా నోరు విప్పని చివరి బెంచీ అమ్మాయి. "ఆ రెండో కుర్చీ ఆవిడదండీ. వాళ్ళాయనది విరిగుంటే ఈపాటికి బాగయ్యేది. ఆవిడ బాధ కుళాయి గురించి కాదండీ, చెప్తే వినట్లేదని."

మాస్టారికి కళ్ళు చెమర్చాయి. ముప్పై ఏళ్ళు ఎదురుచూసిన సొంత మాట వచ్చింది, వచ్చి వచ్చి ఆయన నెత్తినే పడింది.

అధికారికి హుషారు పుట్టింది. "ఇప్పుడు ఆ భర్త ఏమంటాడో మీరే రాయండర్రా!"

పావుగంటలో ముందు బెంచీవాడు గొంతెత్తి చదివాడు: "నీ కుళాయికి ఓపికెక్కువ, నా ఒంటికి బద్ధకమెక్కువ!"

సరిగ్గా అప్పుడే గుమ్మంలోకొచ్చింది మాస్టారి భార్య, చేతిలో కళ్ళజోడుతో, వదిలేసిన కవిత కాగితంతో. బోర్డు వైపు చూసింది. మొగుడి వైపు చూసింది. ఆయన నేల చూపులు చూశారు.

"మీరెవరమ్మా?" అన్నారు అధికారి.

"ఆ రెండో కుర్చీ నాదేనండీ."

క్లాసు నవ్వులతో దద్దరిల్లింది. ఆవిడ నేరుగా చివరి బెంచీకి వెళ్ళి, ఆ అమ్మాయి తల నిమిరింది. "మా చిన్నప్పటి మాస్టారుంటే నిన్ను ముందు వరసలో కూర్చోబెట్టేవారమ్మా" అంది.

ఆ సాయంత్రం మాస్టారు సుత్తీ మేకులూ పట్టుకుని, చెమటలు కక్కుతూ కుర్చీ బాగుచేశారు. ఆవిడ జాగ్రత్తగా కూర్చుని, అటూ ఇటూ ఊగి చూసింది.

"సొంతంగానే చేశారా," అంది, "గైడేమైనా చూశారా?"